నెల్లూరు డాక్టరుగారి పక్షుల పుస్తకం

బీటెక్ పట్టా చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. ఉద్యోగం లేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనట్లేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది. అలాంటి టైమ్‌లో నాయుడుపేట ఫ్రెండ్ ఒకడు రమ్మంటే వెళ్లా. నేలపట్టు తీసుకెళ్తా, వేల పక్షులు చూస్తావు అన్నాడు. డిసెంబరు నెల. కెమెరా అప్పు తీసుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే చెరువులో నీళ్లు అడుగంటాయి. చెట్లన్నీ ఖాళీ. ఒకటీ అరా కొంగలు తప్ప ఏమీ లేవు. అక్కడి వాచర్‌ని అడిగితే సింపుల్‌గా చెప్పేశాడు, ఈ ఏడు వాన రాలేదు కాబట్టి గూళ్లు కట్టలేదని.

పక్షులు ఉండాలంటే తిండి ఉండాలి, శత్రువులు తక్కువుండాలి, ఇంతవరకే నాకు తెలుసు. కానీ వాన అనే ఒక్క ప్రాణం లేని సంగతి వేల పక్షుల జనాభాని అలా ఆపేయగలదా? ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటే తగిలిన పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్. మన కలివికోడికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు ఈయనదే, జెర్డన్స్ కోర్సర్. గ్రూప్స్‌కి, ఫారెస్ట్ పరీక్షలకి చదివేవాళ్లు ఈ పేరు బిట్‌గా బట్టీ పట్టే ఉంటారు. మనిషి కథ మాత్రం బిట్‌లో పట్టదు.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండ్‌లోని డర్హమ్ ప్రాంతంలో పుట్టాడు. 1828లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో చేరాడు, అదీ సాహిత్యం స్టూడెంట్‌గా. అక్కడ రాబర్ట్ జేమ్సన్ అనే ప్రొఫెసర్ చెప్పే ప్రకృతి శాస్త్రం క్లాసులకి వెళ్లడం మొదలెట్టాడు. ప్లీనియన్ సొసైటీ అనే స్టూడెంట్ల క్లబ్బులో చేరాడు. సరిగ్గా అంతకు రెండేళ్ల ముందు అదే క్లబ్బులో కూర్చుని, అదే జేమ్సన్ పాఠాలు విని, మెడిసిన్ మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన ఇంకో కుర్రాడున్నాడు. అతని పేరు చార్లెస్ డార్విన్. జెర్డన్ వదల్లేదు. సాహిత్యం నుంచి మెడిసిన్‌కి మారాడు. ఎందుకంటే ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్ పోస్టు అంటే ఆ రోజుల్లో పక్కా ఉద్యోగం. బ్రాంచి మారినవాళ్లకి ఈ లెక్క అర్థమవుతుంది. ఇష్టం పక్షుల మీద, జీతం మెడిసిన్ మీద.

1836 ఫిబ్రవరి 21న మద్రాసులో దిగాడు. మొదటి పోస్టింగే గంజాం జిల్లా. అక్కడ గుంసూరు కొండల్లో యుద్ధం నడుస్తోంది, సైన్యం జ్వరాలతో, రక్త విరేచనాలతో పడిపోతోంది. తుపాకీ గుండు కన్నా జ్వరమే ఎక్కువమందిని మంచానికి చేర్చిన రోజులవి. ఆ డ్యూటీ మధ్యలోనే తూర్పు కనుమల పక్షుల్ని చూసి రాసుకోవడం మొదలెట్టాడు. తర్వాత అశ్వికదళంతో తిరుచిరాపల్లి, అక్కడి నుంచి నిజాం రాజ్యంలోని జాల్నా. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి పక్షులు ఆయన సిలబస్.

ఇక్కడ ఒక దెబ్బ తగిలింది. తాను పోగుచేసిన పక్షుల నమూనాల్ని, పేర్లు తేల్చి చెప్పమని, స్కాట్లండ్‌లో ఉన్న పెద్ద పక్షి శాస్త్రవేత్త విలియం జార్డిన్‌కి పంపాడు. ఓడలో నెలల ప్రయాణం. పెట్టె అక్కడికి చేరేసరికి చర్మాలన్నీ పురుగు పట్టేశాయి. ఎన్ని నెలల కష్టమో ఆలోచించండి. బ్యాకప్ లేదు, క్లౌడ్ లేదు. అయితే ఆ తర్వాత జెర్డన్ ఎవరి సర్టిఫికెట్ కోసమూ ఎదురుచూడలేదు. తన కళ్లనీ తన నోట్సునీ నమ్ముకున్నాడు. 1839-40లో మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో దక్షిణ భారత పక్షుల జాబితా అచ్చువేశాడు. అందులో 420 జాతులున్నాయి. అంతకుముందు కల్నల్ సైక్స్ ఇచ్చిన లిస్టుకి ఇది దాదాపు రెట్టింపు.

1841లో ఫ్లోరాని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి మొక్కలంటే, ముఖ్యంగా ఆర్కిడ్‌లంటే ఇష్టం, బొమ్మలు బాగా వేసేది. ఆ తర్వాతి మజిలీ నెల్లూరు.

సివిల్ సర్జన్ అంటే జైలు, ఆస్పత్రి, టీకాలు, దొరల కుటుంబాలు, అన్నీ ఆయన నెత్తినే. మిగిలిన టైమ్‌లో జెర్డన్ ఎవరి దగ్గర కూర్చున్నాడంటే యానాదుల దగ్గర. పాముల సంగతి, పక్షుల సంగతి, ఏ రుతువులో ఏది ఎక్కడ దొరుకుతుంది అనే సంగతి వాళ్లకి తెలిసినంతగా పుస్తకాల్లో ఎక్కడా లేదు. వాళ్లని అడిగి తెలుసుకున్నాడు. అందుకే ఆయన పుస్తకాల్లో శాస్త్రీయ నామం పక్కన తెలుగు పేర్లు కనిపిస్తాయి. కలివికోడికి ఆయన రాసుకున్న తెలుగు పేరు అడవి ఉత్తతిత్తి. ఉత్త తిత్తి అంటే ఖాళీ డబ్బుసంచి. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న నాకు ఈ పక్షి మీద వెంటనే అభిమానం పుట్టింది. ఒకటే లోటు. ఆ పేర్లు చెప్పిన యానాదుల పేర్లు మాత్రం చరిత్రలో పక్షి పక్కన ఎక్కలేదు. దొర పేరు ఎక్కింది.

నెల్లూరులో ఉన్న కాలంలోనే ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ అనే పుస్తకం భాగాలుగా బయటికొచ్చింది. 1843 నుంచి 1847 వరకు, 50 రంగుల బొమ్మలతో. చాలా బొమ్మలు మన చిత్రకారులు వేసినవే. ఈ పనిలో ఆయనకి తోడున్నవాళ్లలో వాల్టర్ ఇలియట్ ఒకరు. అమరావతి స్తూపం శిల్పాల్ని 1845లో తవ్వించిన ఇలియట్ ఈయనే. కంపెనీ ఉద్యోగులు, సాయంత్రాలు పూట ఒకరికి రాళ్లు, ఒకరికి పక్షులు.

ఇప్పుడు నేలపట్టు దగ్గరికి మళ్లీ వద్దాం. ఎందుకంటే జెర్డన్ కాలానికి ఎకాలజీ అనే మాటే లేదు. ఆ మాటని ఎర్నెస్ట్ హెకెల్ 1866లో పుట్టించాడు. కానీ ఎకాలజీకి పునాది లాంటి ఒక సూత్రం సరిగ్గా జెర్డన్ మన దేశంలో ఉద్యోగం చేస్తున్నప్పుడే యూరప్‌లో ప్రచారంలోకి వచ్చింది. 1840లో జర్మన్ కెమిస్టు లీబిగ్ పంటల గురించి రాస్తూ దాన్ని అందరికీ తెలిసేలా చేశాడు (అంతకు ముందే 1828లో స్ప్రెంగెల్ అనే ఆయన చెప్పాడు, క్రెడిట్ మాత్రం లీబిగ్‌కి పోయింది). పైరుకి కావలసిన పోషకాల్లో ఏది అన్నిటికన్నా కొరతగా ఉందో, దిగుబడిని అదే నిర్ణయిస్తుంది. మిగతావి ఎంత పోసినా లాభం లేదు. సీఎస్ వాళ్ల భాషలో చెప్పాలంటే బాటిల్‌నెక్. ప్రాసెసర్ ఎంత ఫాస్టయినా హార్డ్ డిస్క్ నత్తనడక నడిస్తే సిస్టమ్ స్పీడు నత్త స్పీడే. తర్వాత 1910లలో షెల్ఫర్డ్ అనే అమెరికన్ దీనికి రెండో వైపు కూడా చూపించాడు. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. వేడి, ఉప్పు, నీళ్లు, ఆక్సిజన్, వెలుతురు, ఇలాంటి ప్రతిదానికీ ఒక జీవి తట్టుకునే కింది హద్దూ పై హద్దూ ఉంటాయి. మన పుస్తకాల్లో నిర్జీవ కారకాలు అని ఒక్క మాటలో తేల్చేసేది వీటినే.

నెల్లూరు తీరం ఈ సూత్రానికి తెరిచిన ల్యాబ్. జిల్లాకి సగానికి పైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. నేలపట్టు చెరువులో కడప చెట్లున్నాయి. నెలల తరబడి మొదళ్లు నీళ్లలో మునిగున్నా చావని చెట్లవి. వాన పడితే చెరువు నిండుతుంది, చెట్టు చుట్టూ నీళ్లు నిలుస్తాయి. పిల్లుల్లాంటి వేటజంతువులు పైకెక్కలేవు. అప్పుడు గూడబాతులు వచ్చి గూళ్లు కట్టి, రెండో మూడో గుడ్లు పెట్టి, మార్చి దాకా పిల్లల్ని సాకుతాయి. చేపల కోసం పులికాట్‌కి ఎగిరెళ్లి గొంతుసంచిలో మోసుకొస్తాయి. వాన పడకపోతే చెట్లూ ఉంటాయి, పక్షులూ ఉంటాయి, గూడు ఉండదు. ఆ ఏడాది కొత్త తరం సున్నా. చెట్లు ఎక్కువున్నాయా, చేపలున్నాయా అనే ప్రశ్నలు ఆ ఏడు అనవసరం. ఖాళీగా ఉన్నది చెరువు ఒక్కటే, అయినా అదే ఆపేసింది.

కర్ణాటిక్ ప్రాంతంలో ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్లు కట్టుకుంటున్నాయని, మనుషులు పక్కనే తిరుగుతున్నా వాటికి బెదురు లేదని జెర్డన్ స్వయంగా చూసి రాశాడు. నేలపట్టులో ఇప్పటికీ జరుగుతున్నది అదే. పక్షుల రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి బలమని ఊరివాళ్ల నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. 1976లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. జిల్లాల విభజన తర్వాత ఇప్పుడిది తిరుపతి జిల్లాలో ఉంది, పరీక్షల్లో ఈ మార్పు చూసుకోండి.

పులికాట్ కథ ఇంకొంచెం చిక్కుది. చిలికా తర్వాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రానికీ దానికీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుక దీవే శ్రీహరికోట. స్వర్ణముఖి, కాళంగి, అరణి నదుల మంచినీళ్లు ఒకవైపు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీళ్లు ఇంకోవైపు. వానల్లో సరస్సు నీళ్లు దాదాపు చప్పబడిపోతాయి. ఎండలు ముదిరాక కొన్ని చోట్ల ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది. రాయదొరువు లాంటి చోట ముఖద్వారం ఇసుకతో పూడిపోతే రొయ్య పిల్లలు లోపలికి రాలేవు, లోపలి నీళ్లు ఆవిరై ఇంకా ఉప్పుగా మారతాయి. పైగా నీళ్లు వేడెక్కినా, ఉప్పెక్కినా అందులో ఆక్సిజన్ నిలవదు. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటే, అదే వేడిలో సముద్రపు నీళ్లు 7 లోపే పట్టుకుంటాయి. ఆ తేడాలోనే ఎన్నో చేపల బతుకు ఉంది. అందుకే మత్స్యకారులు ఏళ్లుగా పూడిక తీయమని అడుగుతున్నారు. వాళ్లు అడిగేది ఇసుక తీయమని, కానీ అసలు అడుగుతున్నది వలలో పడే చేపల సంఖ్య గురించి.

ఫ్లెమింగోల సంగతి ఇంకా చిత్రం. అవి ఉప్పునీ తట్టుకుంటాయి, వేడినీ తట్టుకుంటాయి. వాటికి హద్దు నీటి లోతు. నిలబడి, మెడ వంచి, తల తలకిందులు చేసి బురద నీళ్లని ముక్కుతో వడకట్టుకు తినే పక్షి అది. కాలి పొడవుకు మించి నీళ్లుంటే మేత కష్టం, ఎండిపోతే మేతే లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది. ఇస్రోలో ఉద్యోగం కలలు కంటూ ఆ రోడ్డు మీద వెళ్లే ఇంజినీర్లు కిటికీలోంచి ఈ గులాబీ గుంపుల్ని చూస్తారు. అదే రోడ్డు కట్ట సరస్సులో నీటి కదలికకి అడ్డమని కూడా పరిశోధకులు చెబుతూనే ఉన్నారు.

ఇక తుపాన్లు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటినవి పెద్దవాళ్లకి ఇంకా గుర్తు. గూళ్ల సీజనూ అదే నవంబరు. చెట్టు మీద పది గూళ్లున్నా వెయ్యి గూళ్లున్నా గాలికి ఒకటే. దీన్నే సాంద్రతతో సంబంధం లేని కారకం అంటారు. రోగం, తిండి కోసం పోటీ లాంటివి గుంపు పెరిగేకొద్దీ గట్టిగా కొడతాయి. తుపాను గుంపు సైజు చూడదు. జనాభాల్ని ప్రధానంగా అదుపులో పెట్టేది వాతావరణమా, పోటీనా అని శాస్త్రవేత్తలు పెద్ద గొడవే పడ్డారు. 1954లో ఆండ్రివార్తా, బర్చ్ వాతావరణం వైపు ఒక పుస్తకం తెస్తే, అదే ఏడు డేవిడ్ లాక్ పోటీ వైపు ఇంకోటి తెచ్చాడు. నా ఓటు ఎటంటే, నెల్లూరు తీరంలో మాత్రం ముందు వానకి. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వైపులూ చెప్పండి, నాలా ఓటేయకండి.

డార్విన్ కూడా ఇలాంటి లెక్కే ఒకటి వేశాడు. 1854-55 చలికాలం తర్వాత వసంతంలో తన తోటలో గూళ్లు ఎంత తగ్గాయో చూసి, ఐదింట నాలుగొంతుల పక్షులు చలికి చచ్చిపోయి ఉంటాయని అంచనా కట్టాడు. నేలపట్టు వాచర్ చూసేదీ గూళ్లనే. అదే పద్ధతి.

జెర్డన్ నెల్లూరు నుంచి మలబారు తీరంలోని తలశ్శేరికి వెళ్లాడు. అక్కడ చీమలు పట్టాడు. 1851లో దక్షిణ భారత చీమల జాబితా వేశాడు. అందులో ఆయన వర్ణించిన ఎగిరి దూకే చీమ, హార్పెగ్నాథస్ సాల్టేటర్, ఈరోజు ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతోంది. 2010లో మొట్టమొదట జీనోమ్ తేల్చిన రెండు చీమల్లో ఇదొకటి. బయోఇన్ఫర్మేటిక్స్ ఫ్రెండ్స్‌కి ఈ పేరు పరిచయమే.

అన్నిటికన్నా పెద్ద పని 1860లలో జరిగింది. అప్పటిదాకా భారత పక్షుల సమాచారమంతా ఎక్కడెక్కడి జర్నళ్లలోనో చెల్లాచెదురుగా ఉండేది. ఏదో మూల జిల్లాలో ఉద్యోగం చేసే మనిషికి అవి దొరికే దారే లేదు. జెర్డన్ ఆ బాధ పాతికేళ్లు పడ్డవాడు. అన్నీ ఒక్కచోట పెట్టి, చేతిలో పట్టుకుని తిరిగేలా ఒక పుస్తకం కావాలన్నాడు. గవర్నర్ జనరల్ కానింగ్ ఆయన్ని మామూలు డ్యూటీ నుంచి తప్పించి స్పెషల్ డ్యూటీ మీద వేశాడు. 1862 నుంచి 1864 మధ్య ది బర్డ్స్ ఆఫ్ ఇండియా వచ్చింది. వెయ్యికి పైగా జాతులు. రూపం, రంగు మాత్రమే కాదు, ఏ పక్షి ఎలాంటి నేలలో, ఎలాంటి నీటి దగ్గర, ఏ నెలలో కనిపిస్తుందో కూడా ఉంటుంది. డార్విన్ 1871లో రాసిన ది డీసెంట్ ఆఫ్ మ్యాన్‌లో భారత పక్షుల మాట వచ్చినప్పుడల్లా జెర్డన్ పేరు కనిపిస్తుంది. 1867లో క్షీరదాల మీద ఇంకో పుస్తకం. తర్వాత అస్సాంలో జ్వరం పట్టుకుంది. జ్వరాల డాక్టరుగా మొదలైన మనిషి జ్వరంతోనే కుదేలయ్యాడు. 1870లో ఇంగ్లండ్ వెళ్లిపోయి, 1872 జూన్ 12న లండన్‌లోని అప్పర్ నార్‌వుడ్‌లో చనిపోయాడు. అరవై ఏళ్లు.

కలివికోడి మాత్రం ఆయన తర్వాత కూడా కథ నడిపింది. జెర్డన్ చూపించిన ఈ పక్షిని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రానికి పరిచయం చేశాడు. ఉండే చోటు నెల్లూరు, కడప వైపు కొండల పొదల నేల. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక మాయమైంది. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కష్టానికి ఒక స్థానిక వేటగాడి చేతి టార్చి తోడై, మళ్లీ దొరికింది. తర్వాత దాని కోసం లంకమల్ల ప్రాంతాన్ని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలువ దారి కూడా దీని కోసం కొంత మార్చాల్సి వచ్చింది.

ఈ పక్షికి హద్దు నీళ్లు కాదు, పొదల సాంద్రత. హెక్టారుకి సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే ఎక్కువ ఇష్టపడుతుందని అధ్యయనాల్లో తేలింది. మరీ పలచనైతే దాక్కోలేదు, మరీ దట్టమైతే పరుగెత్తలేదు. పొదలు ఆ కొలతలో ఉండాలంటే నేల రాళ్లతో ఉండాలి, వాన తక్కువ పడాలి. కాలువ నీళ్లొచ్చి పొలాలైతే రైతుకి మేలు, దానికి మాత్రం ఇల్లు పోయినట్టే. ఎవరిది తప్పు అనలేం. దాన్ని వెతకడానికి మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూశారు, కెమెరా ట్రాప్‌లు పెట్టారు, దాని కూత రికార్డింగ్ ప్లే చేసి జవాబు కోసం రాత్రులు చెవి ఒగ్గారు. మన ఎలక్ట్రానిక్స్ వాళ్లు చేయగలిగిన పనులివి. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, కోయంబత్తూరులో సలీం అలీ సెంటర్, ముంబయిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, వీటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి. జీతాలు ఐటీ స్థాయిలో ఉండవు, అది ముందే చెప్పేస్తున్నా.

నాకు ఆ తర్వాత మూడు నెలలకి ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల తర్వాత అదే ఫ్రెండ్ నవంబరు చివర్లో ఫోన్ చేశాడు. వాయుగుండం వచ్చి వారం రోజులు ఎడతెరిపి లేకుండా పడిందట, చెరువు అలుగు పారుతోందట. ఆ శనివారం రాత్రి బస్సెక్కా. పొద్దున్నే వాచ్ టవర్ ఎక్కి చూస్తే కడప చెట్లు మొదళ్ల దాకా నీళ్లలో ఉన్నాయి, కొమ్మలు తెల్లగా ఉన్నాయి. ఒక గూడబాతు నోట్లో ఎండు పుల్ల పెట్టుకుని వచ్చి, గూటి మీద పెట్టి, నచ్చక తీసి, మళ్లీ పెట్టింది. వాచర్ పక్కనే నిలబడి గూళ్లు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు.